అక్కడిదాకా వినిపించింది

తక్వరెంబో దాటాక, పెట్రోలు బంకు వెనక,
సిగ్నల్ నాలుగు గీతలూ నిలబడే చోటు ఒక్కటే ఉంది.
మంగళవారం సాయంత్రాలు
ముప్పై టన్నుల జామాయిల్ దుంగలతో
నా లారీ అక్కడ ఆగుతుంది.
ఫోన్‌ని స్టీరింగుకి రబ్బరుబ్యాండుతో కట్టి
నా ముఖానికి నేనే ఎదురుగా కూర్చుంటాను.

కంపెనీ బీమా ఎనిమిది వారాలకు డబ్బు కట్టింది.
మొదటి మూడు వారాలూ వాన గురించి చెప్పాను,
డీజిల్ ధర గురించి, నడుంనొప్పి గురించి.
మోంతెవిదేవోలో ఎక్కడో నాలుగో అంతస్తులో
మిర్తా వింటూ ఉండేది.
ఆవిడ వెనక బీరువా మీద ఒక పిల్లి,
చేతి పక్కన మాతే తాగే సొరబుర్ర,
అందులోంచి తొంగిచూసే వెండి గొట్టం.
ఆ బుర్ర వంక చూడకుండా మాట్లాడటం నేర్చుకున్నాను.
చంకలో ఫ్లాస్కు లేని మనిషి కనబడని ఈ దేశంలో
అదేమంత చిన్న విద్య కాదు.

నాలుగో వారం అడిగింది:
"వాల్దెమార్, రోజూ ఏ గంటకి మెలకువ వస్తుంది?"
"అయిదున్నరకి."
"అయిదున్నరకి ఏముంది?"

బంకు కుర్రాడు ఎవరి కారుకో అద్దాలు తుడుస్తున్నాడు.
వాడి చెయ్యి చూస్తూ చెప్పాను.
జూన్ నెల. పొగమంచు. మూడువందల పన్నెండో కిలోమీటరు.
పాలు పితకడానికి మోపెడ్ మీద వెళ్తున్న నిల్దా.
ఆవిడ బండికి వెనక లైటు లేదని పోలీసులు రాశారు,
జడ్జి చదివాడు, నా తప్పేం లేదన్నాడు,
మా ఆవిడ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచింది.
కాగితంలో లేనిది ఒకటుంది.
నా కుడిచెయ్యి ఫ్లాస్కు మూత తిప్పుతోంది.
నా కళ్లు
బుర్రలోకి పడుతున్న వేడినీళ్ల మీద ఉన్నాయి.
రెండు సెకన్లు. మూడేమో.

ఆవిడ రెప్ప వెయ్యలేదు.
నా జన్మలో నన్నెవరూ అంత ఓపిగ్గా వినలేదు.
అడ్డు రాలేదు, అయ్యో అనలేదు,
తల కొంచెం పక్కకి వాల్చి, పెదవులు సగం విప్పి.
పిల్లి కూడా తోక ఆడించలేదు.
ఏడ్చాను. ముక్కు చొక్కా చేతికి తుడుచుకున్నాను.
నిల్దాకి ఇద్దరు కూతుళ్లని కూడా చెప్పాను.
అంతా అయ్యాక
తెర మధ్యన చిన్న చక్రం తిరుగుతుండటం చూశాను.

పిల్లి ఉన్నట్టుండి బీరువా అవతలి మూల ప్రత్యక్షమైంది.
"వాల్దెమార్, వినబడుతోందా? క్షమించండి, మా ఇంట్లోనే లైను పోయింది.
'అయిదున్నరకి' అన్నారు. అక్కడిదాకా వినిపించింది."

నవ్వొచ్చింది. సీటు కిర్రుమనేంత నవ్వు.
అయిదు నిమిషాలు నేను ఒక ఫొటోతో చెప్పుకున్నాను,
మా అమ్మ గోడమీది మరియమ్మతో చెప్పుకున్నట్టు.

వదిలెయ్యొచ్చు.
"ఏంలేదు, అలవాటు" అని
మళ్లీ నడుంనొప్పి దగ్గరికి పోవచ్చు.
ఎవరూ వినలేదు కాబట్టి నేను చెప్పినట్టు కాదు.
కాని నోరు ఒకసారి నడిచిన చోట
గడ్డి నలిగి దారి కనబడుతోంది.

రెండోసారి చిన్నదే అయింది.
పొగమంచు లేదు. జడ్జి లేడు.
"నేను రోడ్డు చూడటం లేదు. మాతే పోసుకుంటున్నాను.
మూడు సెకన్లు."

సొరబుర్ర వైపు వెళ్తున్న ఆవిడ చెయ్యి
సగంలో ఆగింది.
మళ్లీ లైను పోయిందేమోనని పిల్లి వంక చూశాను.
తోక ఆడుతోంది.

"తాగండి" అన్నాను. "చల్లారిపోతుంది."
తాగలేదు. తీసి పక్కన పెట్టనూ లేదు.
"మూడు సెకన్లు" అంది నెమ్మదిగా, నా మాటే,
ఒక గుక్క తాగి బుర్ర తిరిగి నా చేతికిచ్చినట్టు.

ఇంకా నాలుగు వారాలున్నాయి.
ఆ తర్వాత డబ్బు నేనే కట్టుకోవాలి.
రబ్బరుబ్యాండు విప్పి గేరు రాడ్‌కి తగిలించాను.
అద్దంలో దుంగలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి,
ముప్పై టన్నులూ.
మూడువందల పన్నెండు ఇంకా దూరం.
రెండు చేతులూ ఇప్పట్నించే స్టీరింగు మీద పెట్టాను.